వెన్న చేతులు, ఎర్ర చుక్క

సవెలుగు,
డిసెంబరు 2

ఒసేయ్ సుహుయినీ,

ముందే చెప్తున్నా, నాకు ఫోన్ చెయ్యకు. చేసినా ఎత్తేది నేను కాదు, టమాలే సంతలో ఎవడో. ఫోన్ అమ్మేసి మదర్‌బోర్డ్ ఒకటి, తెర ఒకటి, కీబోర్డు, ఫ్యాను లాంటి మిగతా సామాను కొన్నాను. కంప్యూటర్ డబ్బా మాత్రం ఊరికే వచ్చింది. బడి వెనకాల పారేస్తే అందులో మన నల్లకోడి గుడ్లు పెట్టుకుంటోంది. దాన్ని బతిమాలి ఖాళీ చేయించాను.

ఈ అత్తకి మతి పోయిందనుకోకు. సంగతి విను. మా షియా గింజల వెన్న సంఘానికి జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కొత్త సంవత్సరం నుంచి కార్యదర్శికి కంప్యూటర్ రావాలట. జనవరి ఎనిమిదిన ఆఫీసరు మిషన్ పట్టుకొచ్చి, ఒక పేజీ టైపు చేయించి చూస్తాడట. రాకపోతే వేరేవాళ్ళని పెడతాడట. పదకొండేళ్ళుగా ఆ సంఘం పుస్తకం నా చేతిరాతతో నిండింది. నేను పోతే ఆ కుర్చీకి కాచుక్కూర్చున్నది ఎవరో తెలుసా? లారీ స్టేషన్ దగ్గర ఫోన్ల కొట్టు పెట్టుకున్న తియుంబా. మీటింగులో లేచి ఏమన్నాడో విను. "సనాటు అత్తమ్మ చేతికి మౌస్ ఇస్తే ఆ వెన్నకి జారిపోయి గుమ్మం దాటుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, అదే నాకు మంట.

ఊళ్ళో కంప్యూటర్ ఉన్నది వాడి కొట్లోనే. వాడి ముందు కూర్చుని నేర్చుకోవడానికి నాకేమైనా పిచ్చా? అందుకే ఇంట్లోనే ఒకటి తయారుచేసుకుని, తలుపేసుకుని నేర్చుకుంటా. పక్కింటి ఫోన్‌కి కూడా చెయ్యకు, వాళ్ళ చిన్న కోడలు తియుంబా చెల్లెలు. ఏదున్నా రాసి, మన బస్సు డ్రైవర్ ఇద్రిసు చేతికివ్వు.

ఇంక కావలసింది దాని మెదడు. బోర్డు అమ్మినవాడు ఏ రకం చిప్ పడుతుందో రాసిచ్చాడు, ఆ చీటీ ఇందులో పెట్టాను. అక్రాలో రోజంతా మిషన్లు విప్పేదానివి, ఒక్కటి నాకోసం చూడవే. నాకు రాత్రి నిద్ర కూడా పట్టడం లేదు సంతోషానికి.

మీ అత్త
సనాటు

~

నీమా, అక్రా
డిసెంబరు 8

అత్తా,

నీ ఉత్తరం కొట్లో నిలబడే చదివాను. కోడి దగ్గరికొచ్చేసరికి పొట్ట చెక్కలైంది, మా యజమాని ఏమైందని అడిగాడు. మా అత్త కంప్యూటర్ కడుతోందని చెప్పాను. ఇక్కడ అందరికీ తెలిసినా పరవాలేదులే, తియుంబాకి నీమాలో చుట్టాలు లేరు.

చిప్ పంపిస్తున్నా. ఎక్కడిదని అడక్కు, మంచి చోటు నుంచే వచ్చింది. ఇలాంటిది మళ్ళీ నాకు దొరకదు, కాబట్టి నేను చెప్పేది బల్ల మీద పెట్టుకుని ఒక్కో ముక్కా చదువుతూ చెయ్యి.

ఇప్పుడు ఎడారి నుంచి వచ్చే హర్మటాన్ పొడిగాలి కదా. తల మీది నైలాన్ గుడ్డ లాగితే చిటపటమంటుందే, ఆ చిటపట చాలు చిప్‌ని చంపడానికి. నీకు తెలియను కూడా తెలియదు, అది లోపల చచ్చి ఊరుకుంటుంది. అందుకని నూలు బట్టలు కట్టుకో, చాప మీద కాకుండా ఉత్త సిమెంటు నేల మీద చెప్పుల్లేకుండా నిలబడు, పెట్టె తెరిచే ముందు పెరట్లో పంపు గొట్టాన్ని కాసేపు పట్టుకుని, ఒంట్లో చిటపట నేలలోకి దిగాక రా. మధ్యలో లేచి వెళ్ళొస్తే మళ్ళీ పట్టుకో.

చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కో. కాదు, మూడుసార్లు. నీ చేతుల సంగతి నాకు తెలుసు. నన్ను పెంచిన చేతులవి, ఏది ముట్టుకున్నా వెన్న వాసనే.

చిప్‌ని అంచులు పట్టుకునే ఎత్తాలి, వేడి గిన్నె దింపినట్టు. అడుగున బంగారు చుక్కలుంటాయి, వాటికి వేలు తగలకూడదు. బోర్డు మీద దాని పీటలో వెంట్రుకల్లాంటి సూదులుంటాయి, అవి వంగితే ఇంక మన చేతిలో లేదు. చిప్ మూలన చిన్న గుర్తుంటుంది, పీటకీ అలాంటిదే ఉంటుంది. రెండూ ఒకవైపు చూసుకుని ఊరికే దించు. అదే కూర్చుంటుంది. నొక్కకు.

పైన ఫ్యాను బిగించే ముందు నడిమధ్యన ఇందులో పంపిన చిన్న గొట్టంలోని పేస్ట్ పెట్టాలి. బియ్యపు గింజంత. చిప్ వేడిని ఫ్యాను దిమ్మకి అందించేది అదే. ఒక్కసారికి సరిపడానే ఉంది. ఫ్యాను దించాక మళ్ళీ ఎత్తకు. ఎలా పరుచుకుందో చూద్దామని బుద్ధి పుడుతుంది నీకు. ఎత్తకు.

వెలగ్గానే రాయి. నేను గోళ్ళు కొరుక్కుంటూ ఉంటాను.

నీ
సుహుయిని

~

సవెలుగు,
డిసెంబరు 15

సుహుయినీ, వెలిగిందే!

తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పరిగెత్తాయి. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. గదిలో మూడు చుట్లు తిరిగాను, ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళి కోడికి చెప్పాను. చెప్పడానికి ఇంకెవరున్నారు, అంతా రహస్యమాయె.

చిప్ చూసి ఆశ్చర్యపోయాను తల్లీ. ఇంత మిషన్‌కి మెదడంటే కనీసం రొట్టెముక్కంత అయినా ఉంటుందనుకున్నా. వేలెడు లేదు. మూలన ఎర్ర చుక్క ఒకటుంది, కంపెనీవాళ్ళ గుర్తు కాబోలు అనుకుని దాన్నే చూసుకుంటూ పెట్టాను. అంతా నువ్వు చెప్పినట్టే చేశా. నూలు బట్టలు కట్టా, పంపు పట్టుకున్నా, చేతులు కడిగా.

పేర్లు టైపు చేయడం మొదలుపెట్టాను. సంఘంలో పదహారుమంది పేర్లూ కొట్టాను, సంఘం నాయకురాలు మగాజియాతో మొదలుపెట్టి. పెద్దావిడ కదా, ఆవిడ పేరు రెండోచోట పెడితే మిషన్ ఆగిపోతుందేమోనని భయం.

ఆగనే ఆగింది అనుకో. పది నిమిషాలయ్యేసరికి తెర నల్లగా అయిపోయింది. కాసేపు ఆగి మళ్ళీ పెడితే వెలుగుతోంది, ఈసారి ఐదు నిమిషాలే. ఇవాళ రెండే. ఏమిటంటావ్? మా ఊరి కరెంటు సంగతి తెలిసిందే, అదే అయుంటుంది. గదిలో మాత్రం మంచి వాసన వస్తోంది, మన పొయ్యి దగ్గర వచ్చేలాంటిది. మిషన్ నన్ను గుర్తుపట్టిందనుకున్నా.

మీ అత్త

~

నీమా, అక్రా
డిసెంబరు 19

అత్తా,

మిషన్ ఆపు. తీగ గోడలోంచి పీకి పక్కన పెట్టు. ఈ ఉత్తరం చదివే ముందు మళ్ళీ వెలిగించి ఉంటే ఇప్పుడే పీకు.

కరెంటు కాదు. అది వేడెక్కి తనంతట తాను ఆగిపోతోంది. ఆగబట్టి ఇంకా బతికుంది.

నిజం చెప్పు. కంప్యూటర్‌కి వెన్న వాసన ఎందుకొస్తుంది?

కొత్త పేస్ట్ పంపుతున్నా, రెండుసార్లకి సరిపడా. నువ్వు మళ్ళీ ఫ్యాను ఎత్తి చూస్తావని తెలుసు కాబట్టి. తుడవడానికి స్పిరిట్ సీసా, నా కళ్ళజోడు గుడ్డ కూడా ఉన్నాయి. నూలు పోగులు రాలే గుడ్డ వాడకు. చిప్ మీది జిడ్డంతా స్పిరిట్‌తో తుడిచి, అడుగున బంగారు చుక్కల్ని కూడా మెల్లగా ఒకే వైపుకి తుడువు, బాగా ఆరనివ్వు. పీటలో సూదుల జోలికి గుడ్డతో పోకు. టార్చి వేసి చూడు. జిడ్డు అందులోకి దిగి ఉంటే ఏమీ ముట్టుకోకుండా నాకు రాయి.

కోపంగా ఉన్నాను. అయినా నీ పదహారు పేర్లు తల్చుకుంటే నవ్వొస్తోంది.

సుహుయిని

~

సవెలుగు,
డిసెంబరు 27

నా బంగారు తల్లికి,

సరే, ఒప్పుకుంటున్నా. ఫ్యాను ఎత్తాను.

నలభై ఏళ్ళు వెన్న పిసికిన చెయ్యే ఇది. తెల్లబడిందా లేదా, ముద్ద కట్టిందా లేదా అని పది నిమిషాలకోసారి చూడకపోతే దీనికి తోచదు. బియ్యపు గింజంత పెట్టమన్నావా, పెట్టాను. ఫ్యాను దించాను. అంత చిన్నది ఎక్కడ పరుచుకుంటుంది, పాపం అనిపించింది. ఎత్తి చూశాను. సగం ఫ్యానుకి అంటుకుపోయింది. చూడగా చూడగా చాలా తక్కువనిపించింది. పేస్ట్ అయిపోయింది. పక్కనే మొన్న తీసిన వెన్న ఉంది, తెల్లగా, మెత్తగా, అచ్చం అలాగే ఉంది. పగిలిన మడమకి పనికొచ్చేది, పురిటిబిడ్డ ఒంటికి పనికొచ్చేది, దీనికి పనికిరాదా అనుకున్నా. వేలితో తీసి రాశాను. బియ్యపు గింజంత కాదులే. నీకు చెప్పడానికి సిగ్గేసింది. ఆ తియుంబా అన్నమాటే నిజం చేశానని ఏడుపొచ్చింది కూడా.

వేడెక్కగానే కరిగి అంచులు దిగింది. టార్చి వేసి చూశాను. పీట గుమ్మం దగ్గర, ఒక వెంట్రుక దూరంలో ఆగిపోయింది. సూదులు పొడిగా ఉన్నాయి. దేవుడు ఉన్నాడే.

ఇంక స్పిరిట్ సంగతి విను. నీ సీసా నాకు చేరలేదు. దారిలో మూత కొంచెం వదులై వాసనొచ్చిందట. ఇద్రిసు సంగతి నీకు తెలుసుగా, ఐదుపూటలా బస్సు ఆపి నమాజు చేసేవాడు. సారా అనుకుని కింటాంపో దగ్గర రోడ్డు పక్కన పారబోశాడు. ఉత్త సీసా నా చేతిలో పెట్టి "అమ్మా, ఈ వయసులో నీకిది తగునా, పిల్ల చేత తెప్పించుకుంటావా" అన్నాడు. కంప్యూటర్ కోసమని చెప్పాను. "ఆ మాటే మా బావ కూడా అనేవాడు, రేడియో కోసమని" అన్నాడు.

టమాలే వెళ్ళి మూడు మందుల కొట్లు తిరిగాను. మొదటివాడు చేతులు కడుక్కునే జెల్లీ ఇచ్చాడు. జిగటగా ఉంది, అది కూడా నా వెన్నకి చెల్లెలే అనిపించి తిరిగిచ్చేశా. రెండోవాడి సీసాలో నూనె కలిసిందట, అట్టమీద రాసుంది, నేను చదవగలను కాబట్టి బతికాను. మూడోచోట తొంభైతొమ్మిది శాతం స్పిరిట్ అని రాసిన సీసా దొరికింది. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందదాకా చూసి "తాగకూడదమ్మా" అంది. ఈ జిల్లాలో నా పరువు ఇంక ఏమీ మిగల్లేదు.

తుడిచాను. నాలుగుసార్లు, గుడ్డ తెల్లగా వచ్చేదాకా. అలా తుడుస్తుంటే ఆ ఎర్ర చుక్క కొంచెం గుడ్డకి అంటింది. టార్చి దగ్గరగా పెట్టి చూశాను. కంపెనీ గుర్తు కాదది. గోళ్ళరంగు.

మా ఇంట్లో నీ చెంచాకి ఎర్ర చుక్క. నీ దువ్వెనకి ఎర్ర చుక్క. నీ ఎడమ చెప్పుకి, నీ కుండకి. ఎనిమిదేళ్ళ పిల్లగా మీ నాన్న నిన్ను నా ఇంటికి తెచ్చి వదిలినప్పుడు, నీదంటూ ఏదైనా ఉండాలని నేనే నేర్పాను నీకా అలవాటు.

ఇది నీ మిషన్‌లోంచి పీకిన చిప్, కాదా? నువ్వు రోజూ చదువుకునే మిషన్. నీ సర్టిఫికెట్ పరీక్ష ఎప్పుడు? నీ మిషన్ ఇప్పుడేం చేస్తోంది?

నా మిషన్ మూడు గంటలపాటు ఆగకుండా నడిచింది. సంతోషపడదామని కూర్చుంటే చుక్కే కనిపిస్తోంది.

అత్త

~

నీమా, అక్రా
జనవరి 2

అత్తా,

అవును, నాదే. కనిపెడతావని అనుకోలేదు. చుక్క తుడిచేద్దామనుకుని మర్చిపోయాను.

నా పరీక్ష ఇరవయ్యో తారీఖు. నా మిషన్ మంచం కింద ఉంది. పక్క గది ఏంజెలా సాయంత్రాలు తన మిషన్ ఇస్తోంది. కొంచెం కష్టమే, ఆమె చర్చి పాటలు పెట్టుకుని పక్కనే కూర్చుంటుంది. అయినా గడుస్తోంది. దాని గురించి ఇంకొక్క మాట రాశావంటే నేనే బస్సెక్కి వచ్చి నీ మిషన్ కోడికి ఇచ్చేస్తా.

నా దగ్గర ఉంటే నేను పాఠాలు చదువుకుంటాను. నీ దగ్గర ఉంటే పదకొండేళ్ళ నీ పుస్తకం నీ దగ్గరే ఉంటుంది. అందుకే పంపాను. నువ్వు వెన్న రాశావని తెలిసినప్పుడు మాత్రం ఏంజెలా భుజం మీద తలపెట్టి ఏడ్చాను, ఆ సంగతీ చెప్తున్నా, ఇద్దరం దాచుకోవడం అయిపోయింది కాబట్టి.

ఎనిమిదో తారీఖుకి ఆరు రోజులుంది. రోజుకి రెండు పేజీలు కొట్టు. ఎడమ చేతి చిటికెన వేలిని కూడా పనిలోకి దించు. నీ ఉత్తరాల్లో తప్పులుండవు, అక్కడా ఉండవు. ఇద్రిసుకి స్పిరిట్ గురించి నేను చెప్పాను. నమ్మలేదు.

సుహుయిని

~

సవెలుగు,
జనవరి 9

సుహుయినీ,

ఈ ఉత్తరంలో నా చేతిరాత కనపడక కంగారుపడకు. బతికే ఉన్నాను. సంఘం ఆఫీసులో, సంఘం మిషన్ మీద, కార్యదర్శి కుర్చీలో కూర్చుని కొడుతున్నాను. పక్కన అచ్చు మిషన్ కూడా గరగరమంటోంది.

ఉండు, మొదటినుంచి చెప్పనీ.

నిన్న పొద్దున సూర్యోదయం అవగానే మిషన్ విప్పి నీ చిప్ తీసేశాను. ఆరు రోజులూ కొట్టాను, చాలనిపించింది. రాగలిగితే వస్తుంది, రాకపోతే నీ చదువు కూడా పట్టుకుని కూర్చోవడం దేనికి. ఫ్యానుని ముందు కొద్దిగా పక్కలకి తిప్పి, పట్టు వదిలాకే ఎత్తాను. తుడిచి, ఆరబెట్టి, నువ్వు పంపిన డబ్బీలోనే సర్దాను. మిగిలిన పేస్ట్, స్పిరిట్, నీ కళ్ళజోడు గుడ్డ, అన్నీ సంచిలో వేసుకుని బయల్దేరా. పరీక్ష అయిపోగానే ఇద్రిసు బస్సుకి అందించాలని.

ఆఫీసరు టమాలే నుంచి పికప్ వెనకాల పెట్టుకుని ఒకే ఒక్క మిషన్ తెచ్చాడు. దారి పొడుగునా ఎర్రదుమ్ము తాగొచ్చింది అది. తియుంబా ముందు కూర్చున్నాడు. టకటకా కొట్టేశాడు, వాడిది మంచి వేగం, అబద్ధమెందుకు. లేస్తూ కుర్చీని తన చేతిరుమాలుతో తుడిచి "రా అత్తమ్మా, జారకుండా కూర్చో" అన్నాడు.

కూర్చున్నా. మూడో వరుస కొడుతున్నా. తెర నల్లగా అయిపోయింది.

మళ్ళీ వెలిగించారు. రెండు వరుసలు. మళ్ళీ నలుపు. ఆఫీసరు గడియారం చూసుకుని "అయ్యో, మిషన్ చెడిపోయింది. ఇతను రాసేశాడు కాబట్టి ఇతని పేరే రాసుకుంటాను, మీరేమీ అనుకోకండి" అన్నాడు. అనుకోకుండా ఎలా ఉంటానే. కానీ చెవిలో ఆ ఫ్యాను మోత వినిపిస్తూనే ఉంది, రొప్పుతున్నట్టు. పది నిమిషాలు, ఐదు, రెండు. ఈ జబ్బు నాకు తెలుసు, నేను పడ్డ జబ్బే.

"ఒక స్క్రూడ్రైవర్ ఇప్పించండి" అన్నాను.

తియుంబా నవ్వాడు. "సార్, ప్రభుత్వం మిషన్ సార్, ఆవిడ చేతులు చూశారా" అన్నాడు.

చేతులు చాపి చూపించాను. ముందురోజు నుంచీ వెన్న ముట్టలేదు, నీ చిప్ కోసమని. ఈ గాలికి కీళ్ళ దగ్గర పగిలి నెత్తురు కారుతున్నాయి. మా మగాజియా కిటికీ దగ్గర నిలబడి అంతా చూస్తోంది. లోపలికొచ్చి ఆఫీసరుతో "పదకొండేళ్ళు మా వెన్నంతా దాని చేతిలో పెట్టాం, చుక్క తగ్గలేదు. ఆ పెట్టె ఒక్క గంట పెట్టలేరా మీరు" అంది. ఎనభై ఏళ్ళావిడ అడిగితే ఏం చేస్తాడు, ఇచ్చాడు.

తీగ పీకాను. పంపు గొట్టం బదులు కిటికీ చువ్వలు పట్టుకున్నాను. మూత తీస్తే లోపల చిన్న పొలముంది తల్లీ, దున్నితే జొన్నలు పండేవి. బయటికి తీసుకెళ్ళి, ఫ్యాను రెక్కకి వేలు అడ్డంపెట్టి, ఎవరిదో సైకిల్ పంపుతో దుమ్ము ఊదాను. ఫ్యాను ఎత్తితే పేస్ట్ ఎండిన సున్నంలా పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. నీ గుడ్డ, నా స్పిరిట్. గదిలో ఆ వాసన రాగానే ముసలమ్మలంతా ముక్కులు మూసుకున్నారు. నడిమధ్యన బియ్యపు గింజంత పేస్ట్ పెట్టాను. ఫ్యాను దించి ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాను.

మళ్ళీ ఎత్తి చూడాలని చెయ్యి లాగేసింది. ఒట్టు, లాగేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

వెలిగింది. పేజీ మొత్తం కొట్టాను. తియుంబా కన్నా రెట్టింపు సేపు పట్టింది, తప్పులు మాత్రం వాడికి పద్నాలుగు, నాకు ఒకటి. ఆఫీసరు ఇద్దరి కాగితాలూ చూసి ఇద్దరూ నెగ్గినట్టేనన్నాడు, సంఘాన్నే తేల్చుకోమన్నాడు. నేను కావాలనేవాళ్ళు చెయ్యెత్తమంటే ఒక్కొక్కత్తీ రెండేసి చేతులెత్తింది. ఆఫీసరు లెక్కపెట్టలేక మానేశాడు. అప్పుడేడ్చాను. ఇంటికెళ్ళి చేతులకి వెన్న దిట్టంగా పట్టించి మళ్ళీ ఏడ్చాను.

మిషన్ ఇక్కడే ఉంచేశారు, సంఘానికి. సాయంత్రం తియుంబా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు విప్పాడు. ఆ తర్వాత "అత్తమ్మా, మా కొట్లో రెండు మిషన్లు ఇలాగే ఆగిపోతున్నాయి" అన్నాడు. చేతులు మూడుసార్లు కడుక్కుని రమ్మన్నాను.

నీ చిప్ ఇద్రిసు చేతికిస్తున్నా. స్పిరిట్‌కి నీ చుక్క సగం చెరిగిపోయింది. తియుంబా చెల్లెల్ని అడిగి గోళ్ళరంగు తెచ్చి మళ్ళీ పెట్టాను. పక్కనే నాది కూడా ఒకటి పెట్టాను, కోప్పడకు. వేరే డబ్బాలో కొత్త వెన్న ఉంది. రెండూ ఒకే రోజు తెరవకు.

కార్యదర్శి
సనాటు

~

నీమా, అక్రా
జనవరి 13

కార్యదర్శి గారికి,

మీ ఉత్తరం నలుగురికీ చదివి వినిపించాను. ఏంజెలా పాట కూడా ఆపేసి విన్నది. మగాజియా మాట దగ్గర కాగితం ఏంజెలా చేతిలో పెట్టేశాను, మిగతాది తనే చదివింది.

ఇద్రిసు డబ్బీ ఇస్తూ "ఈసారి వాసన లేదు, మీ అత్త మారింది" అన్నాడు. మారావని నేనూ చెప్పాను.

చిప్‌ని వెలుతురుకి పెట్టి చూశాను. అంచుల్లోనూ, అడుగునా, బంగారు చుక్కల మధ్యనా ఎక్కడా మరక లేదు. కొట్లో ఇంత శుభ్రంగా ఎవరూ తుడవరు, మా యజమానికి కూడా చూపించాను. పంపు పట్టుకుని, చేతులు కడుక్కుని పెట్టాను. మొదటిసారికే వెలిగింది. ఇప్పుడు దాని మీదే చదువుకుంటున్నాను, ఇరవయ్యో తారీఖుకి ఇంకా వారం ఉంది.

రెండు చుక్కలూ అలాగే ఉన్నాయి. నీది కొంచెం పెద్దది.

వెన్న డబ్బా ఇంకా తెరవలేదు. చేతులు పగిలిపోయాయి అత్తా, పరీక్ష అయిన రోజు తెరుస్తాను.

సుహుయిని